ముఖం చదవడం, మాట నమ్మడం

"కోపమొచ్చిందా?" అని అడిగితే "ఏం లేదే" అని జవాబు. ఈ రెండు మాటల మధ్య ఇళ్ళల్లో ఎంత నలుగుతుందో మనకు తెలియనిది కాదు. బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ ఉన్నవాళ్ళు ఏ భావమూ లేని ముఖంలో కూడా కోపాన్నో, తిరస్కారాన్నో చూసే అవకాశం ఎక్కువని అనేక పరిశోధనలు చెప్తున్నాయి. సరే, ఒకామె ముఖాలను తప్పుగా చదువుతుందని తెలిశాక ఆమె చెప్పేదంతా కొట్టిపారేసే హక్కు మనకు వస్తుందా? నన్ను వదలని ప్రశ్న ఇది.

1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ఈ పేరును తన జాబితాలో చేర్చింది. ఈ రోగుల్లో ముప్పాతిక మంది స్త్రీలేనని 1994 నాటి కూర్పు రాసింది. ఆస్పత్రులు దాటి అక్కడి సాధారణ జనంలో చేసిన పెద్ద సర్వే 2008లో వెలువడితే, స్త్రీపురుషుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎవరి ఆవేశం రోగమవుతుంది, ఎవరిది స్వభావమవుతుంది?

అదే ఏడాది బ్రూక్స్ కింగ్-కాసాస్ బృందం ఒక ప్రయోగాన్ని ప్రచురించింది. ఆటలో ఒకరు పెట్టిన డబ్బు మూడింతలై రెండోవారికి చేరుతుంది. ఎంత తిరిగివ్వాలో వారిష్టం. నమ్మకం సడలినప్పుడు రుగ్మత లేనివాళ్ళు కాస్త ఎక్కువ తిరిగిచ్చి ఎదుటివారిని మళ్ళీ కలుపుకున్నారు. ఉన్నవాళ్ళు అలా చేయడం తక్కువ. చేతికి తక్కువ అందినప్పుడు ఇతరుల మెదడులో స్పందించే ఇన్సులా అనే భాగం వీళ్ళలో అలా స్పందించలేదు. తక్కువ అందడం వీళ్ళకు వింతగా తోచలేదేమోనని నాకనిపిస్తుంది. వీళ్ళలో చాలామంది బాల్యంలో హింసనో, నిరాదరణనో చూసినవాళ్ళే మరి.

సాహిత్యంలో నమ్మదగని కథకురాలు ఎదురైతే మనం పుస్తకం మూసెయ్యం. ఇంకా జాగ్రత్తగా చదువుతాం. ఇంట్లో మనిషికి మాత్రం ఆ ఓపిక ఇవ్వం. ఆమె సరిగ్గా పసిగట్టినప్పుడు కూడా "నీ జబ్బే అలా అనిపిస్తోంది" అంటే, అబద్ధమాడేవాళ్ళకు ఇంతకన్నా మంచి చాటు ఏముంటుంది?

ఈ రుగ్మతకు 1993లో చికిత్సా గ్రంథం రాసిన మార్షా లినెహాన్, తానూ యవ్వనంలో మానసిక చికిత్సాలయంలో గడిపానని 2011లో బయటపెట్టింది. అనుభూతిని గుర్తించడం వేరు, దాన్నుంచి తీసిన నిర్ధారణను ఒప్పుకోవడం వేరు అన్నది ఆమె పద్ధతికి పునాది. పక్కనున్నవాళ్ళు అలిసిపోతారు, నిజమే. వాళ్ళు అన్నిటికీ తలూపనక్కర్లేదు. "ఏం లేదే"కి బదులు, "నీకు భయమేసిందని తెలుస్తోంది. నాకు కోపం లేదు, ఒళ్ళు అలిసింది. అరగంటాగి మాట్లాడదాం" అనొచ్చు. అన్నట్టుగానే అరగంటకు వచ్చి కూర్చోవాలి.