పైకి రాని గోల్‌కీపరు

మొన్న ఆషాఢంలో తుని వెళ్ళేసరికి నా స్నేహితుడి దుకాణం ముందు కొబ్బరికాయల లారీ దింపుతున్నారు. ఆ నెలంతా లోవ తలుపులమ్మ తల్లికి మొక్కులు తీర్చుకునే జనం పోటెత్తుతారు కాబట్టి అంబాజీపేట నుంచి కాయ వస్తూనే ఉంటుంది. లారీ మీద నిలబడ్డ కుర్రాడు రెండేసి కాయలు ఒక్కసారే విసురుతున్నాడు. కింద మావాడు చేతికొకటి చొప్పున అందుకుని, అదే ఊపులో పక్క రాశిలోకి జారవిడుస్తున్నాడు. "లాభం" అని మొదలుపెట్టి రెండు, మూడు, నాలుగు అంటూ జతల లెక్క నోటి మీద నడుస్తూనే ఉంది. అరవై దాటిన మనిషి. జుట్టు నెరిసింది, పొట్ట వచ్చింది. కాయ మాత్రం అరచేతిలో పడినప్పుడు చప్పుడు చెయ్యడం లేదు. నేను నిలబడిపోయింది ఆ చప్పుడు లేకపోవడం వల్లే. అరచెయ్యి కాయకి ఎదురెళ్ళి, తగిలే క్షణానికి దాంతోపాటే వెనక్కి వస్తోంది. నలభై ఏళ్ళ కిందట ఆ చేతులు తోలు బంతిని ఇలాగే తీసుకునేవి.

వాడు మా కాలేజీ గోల్‌కీపరు.

తునిలో ఫుట్‌బాల్ ఏమిటి అనిపించొచ్చు. మావైపు కాలేజీ ఆటలంటే కబడ్డీ, వాలీబాల్. ఆ తర్వాత అంతా క్రికెట్టే. అయినా 1982 ప్రాంతంలో మాకు లెక్కకి సరిపడా పదకొండు మంది, ఒకే ఒక్క బంతి ఉండేవి. వేసవిలో తాండవ ఏరు ఎండితే ఆ ఇసకే మైదానం. ఒక గోలు తుని వైపు, ఇంకోటి పాయకరావుపేట వైపు. అప్పుడు ఏరు దాటితే విశాఖ జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. మాకు మాత్రం అవతల జిల్లా కాదు, అవతలి జట్టు. మిగతావాళ్ళం ఇసకలో పరిగెత్తలేక రొప్పేవాళ్ళం. మావాడికి ఆ ఇసక వరం. ఎటు దూకినా దెబ్బ తగలదు. సాయంత్రం మసక పడి బంతి కనిపించకపోయినా దూకుతూనే ఉండేవాడు. ఇంటికెళ్ళేటప్పుడు వాడి చెవుల్లోంచి కూడా ఇసక రాలేది.

కాలేజీల పోటీల్లో ఒక వాన రోజు ఆట నాకిప్పటికీ కళ్ళ ముందే ఉంది. తోలు బంతి నీళ్ళు తాగి బరువెక్కింది. తలతో కొడితే కుట్లు నుదుటి మీద అచ్చుపడేవి. ఆట సమానంగా ముగిసి పెనాల్టీల దాకా వెళ్ళింది. మావాడు రెండు ఆపాడు. రెండోదానికి అవతలివాడు తన్నకముందే ఎడమవైపు కదిలాడు. "ఎలా తెలిసిందిరా?" అని ఎంతమంది అడిగినా నవ్వి ఊరుకున్నాడు. ఆ రాత్రి స్టేషను దగ్గర టీ కొట్లో ఎవరో అన్నారు: "వీడు పైకొస్తాడు." మర్నాటికి ఊరంతా అదే మాట. వాడి నాన్నతో అన్నారు, మేష్టార్లతో అన్నారు. నేనూ అన్నాను, అందరికంటే గట్టిగా.

ఆ తర్వాత యూనివర్సిటీ జట్టు ఎంపికకి విశాఖ రమ్మని పిలుపొచ్చింది. రైలెక్కించడానికి ఇరవై మందిమి వెళ్ళాం. తుని నుంచి విశాఖ దాదాపు 100 కిలోమీటర్లు, ఎంత దూరమని! మేము చెయ్యూపిన తీరు చూస్తే వాడు ఓడెక్కి పోతున్నాడనుకోవాలి. నాలుగో రోజు సాయంత్రం బండికి ఒక్కడే దిగాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

వాడు చెప్పకపోయేసరికి మేమే చెప్పడం మొదలుపెట్టాం. మోకాలికి దెబ్బ తగిలిందని ఒకడు, సిఫారసు ఉన్నవాణ్ణి తీసుకున్నారని ఇంకొకడు. ఆ రెండోది పుట్టించింది నేనే. నాకు ఆధారమేమీ లేదు. మావాడు ఎంపిక కాలేదంటే ఎక్కడో అన్యాయం జరిగే ఉండాలి, అంతే. ఆ కథ ఏళ్ళ తరబడి ఊళ్ళో తిరిగింది. పెళ్ళిళ్ళలో ఎవరైనా వాణ్ణి కొత్తవాళ్ళకి పరిచయం చేస్తే, పేరు తర్వాత వచ్చే మాట అదే: "పైకి రావాల్సినవాడండీ, పాపం." అది విన్నప్పుడల్లా వాడు వంగి ఏదో సర్దుకునేవాడు, కుర్చీయో విస్తరో. ఆ వంగడం నేను చాలాసార్లు చూశాను. ఎందుకు వంగుతున్నాడో ఆలోచించడానికే నాకు ముప్పై ఏళ్ళు పట్టింది.

"పైకి రావడం" అంటాం మనం. చదువైనా, వ్యాపారమైనా, ఆటైనా మనకి ఒక్కటే దిక్కు, పైకి. ఏటి ఇసకలో మసకచీకట్లో దూకే కుర్రాడు అప్పటికే ఎక్కడో ఉన్నాడని మాకు తోచలేదు. ఆ ఆటని దేనికో బయానాగా చూశాం. మిగతా సొమ్ము వాడు తర్వాత కట్టాలి. బేరం మాది, మాట మాది. మాట తప్పినవాడన్న పేరు మాత్రం వాడిది. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని సామెత. ఆ సామెతలో ఉన్నది పరిమళం ఒక్కటే. కాయ కాస్తుందని అందులో ఎవరూ అనలేదు, అది మనం కలుపుకున్నది.

చాలాకాలం నేను సయ్యద్ అబ్దుల్ రహీం గారి కథతో ఓదార్పు పొందేవాణ్ణి. ఆయనా ఉస్మానియాలో చదివే రోజుల్లో ఫుట్‌బాల్ ఆడినవాడే. ఆటగాడిగా దేశం ఆయన పేరు చెప్పుకోలేదు. బడిపంతులయ్యాడు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి శిక్షణ ఇచ్చి, 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు గెలిపించాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు నాలుగో స్థానం దాకా వెళ్ళింది ఆయన చేతిలోనే. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చేనాటికి క్యాన్సర్ ఆయన్ని తినేస్తోంది. మరుసటి జూన్‌లో పోయారు. ఫుట్‌బాల్‌లో మళ్ళీ అలాంటి పతకం మనకి ఇప్పటిదాకా రాలేదు. చూశావా, ఆటలో పేరు రాకపోయినా మనిషి ఎంత ఎత్తుకెళ్ళాడో అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ ఓదార్పు నాకు నచ్చడం లేదు. అదీ ఎత్తు కొలవడమే కదా. రహీం గారు ఆ బళ్ళోనే పాఠాలు చెప్పుకుంటూ రిటైరయి ఉంటే ఉస్మానియాలో ఆడిన ఆటలు దండగయ్యేవా?

పైగా ఆ కొలతకి అంతు లేదు. రహీం గారి శిష్యుడు తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టాడు. రెండు ఒలింపిక్స్ ఆడాడు, జకార్తా జట్టులో ఉన్నాడు. జబ్బు చేసి ముప్పై నిండకుండానే 1963లో ఆట మానాల్సి వచ్చింది. 2023లో ఆయన పోయినప్పుడు కూడా జనం ఇంకా ఎంతో ఆడాల్సినవాడనే అన్నారు. అంత ఇచ్చినవాడికీ బాకీ తీరలేదు.

అమెరికాలో ఈ కొలత ఇంకా కఠినం. మా తమ్ముడి కొడుకు మిషిగన్‌లో చదివాడు. అక్కడి ఫుట్‌బాల్ వేరు, కోలబంతిని ఎక్కువగా చేత్తోనే ఆడతారు. కాలేజీ ఆటకే లక్ష మందికి పైగా పట్టే స్టేడియం ఉంది వాళ్ళ ఊళ్ళో. కాలేజీ పిల్లల్లోంచి ప్రొఫెషనల్ జట్లు ఏటా వరసగా మనుషుల్ని ఎంచుకుంటాయి. 1998లో మొదటి పేరు పేటన్ మానింగ్, రెండోది రయాన్ లీఫ్. ఆ ఇద్దరిలో ఎవరు ముందన్నది అప్పట్లో పెద్ద వాదన. మానింగ్ ఆ ఆటలో శిఖరమయ్యాడు. లీఫ్ ఆడింది 25 ఆటలు. తర్వాత నొప్పి మాత్రలకి బానిసై, జైలుకెళ్ళి, బయటపడి, తనలాంటివాళ్ళకి అండగా మాట్లాడుతున్నాడు. ఆశలు నిలబెట్టనివాళ్ళ జాబితాలు రాస్తే అక్కడివాళ్ళు ఈనాటికీ అతన్ని ముందు వరసలో పెడతారు. ఇరవై రెండేళ్ళైనా నిండని కుర్రాడు, ఎవరో వేసిన అంచనాకి జీవితాంతం సంజాయిషీ చెప్పుకోవాలి.

ఇలా అంటున్నానని అన్నీ సవ్యంగానే ఉన్నాయని కాదు. తుని కుర్రాడికి ఆ నాలుగు రోజుల తర్వాత ఇంకో తలుపు లేదు. చేరడానికి క్లబ్బు లేదు, మరుసటి ఏడు మళ్ళీ ప్రయత్నించమని చెప్పే శిక్షకుడు లేడు. రైల్వేలోనో పోలీసులోనో ఆటల కోటా ఉద్యోగానికి పై స్థాయి సర్టిఫికెట్లు కావాలి, ఆ కాగితం రాలేదు. దాని మీద నాకు కోపం ఉంది, ఇప్పటికీ. కానీ ఆ కోపాన్ని జాలిగా మార్చి వాడి నెత్తిన పెట్టడం నా తప్పు.

లారీ సగం ఖాళీ అయ్యాక టీ తాగుతుంటే అడిగేశాను. "విశాఖలో అసలేం జరిగిందిరా?"

వాడు గ్లాసులోకి చూసి అన్నాడు. "ఏం జరగలేదురా. అక్కడ నాకంటే బాగా ఆడేవాళ్ళు ఇద్దరున్నారు. ఒకడైతే... అబ్బ, ఏం ఆడాడనుకున్నావు! గోలు అడుగున, మూలకి తన్నినా తీసేవాడు. మూడు రోజులు వాణ్ణి చూస్తూ కూర్చున్నా." నలభై ఏళ్ళ తర్వాత కూడా ఆ పేరు తెలియని కుర్రాడి మీద వాడి ముఖంలో సంతోషం కనిపించింది.

"మరి అప్పుడే చెప్పొచ్చు కదా?"

"చెబితే మీరు ఒప్పుకునేవాళ్ళా?"

నిజమే, ఒప్పుకునేవాళ్ళం కాదు. సిఫారసు కథ నేనే పుట్టించానని చెప్పాను. "తెలుసులే" అన్నాడు.

"తర్వాత ఆడటం మానేశావా?"

"ఎందుకు మానతాను? పెద్దాడు పుట్టేదాకా ప్రతి వేసవీ ఏట్లోనే ఉన్నాను. మీరంతా ఉద్యోగాలకి వెళ్ళిపోయారు, చూళ్ళేదంతే."

కుర్రాడు పైనుంచి కేకేశాడు. మావాడు లేచి, నన్నూ రమ్మన్నాడు. లుంగీ పైకి కట్టుకుని పక్కన నిలబడ్డాను. మొదటి కాయ నా అరచేతిని మండించి కిందపడి దొర్లింది. రెండోదీ అంతే.

"కాయ వంక చూడకు. వేసేవాడి భుజం చూడు. ఎటొస్తుందో అదే చెబుతుంది" అన్నాడు.

ఆ వాన రోజు ఎంతమంది అడిగినా చెప్పని మాట అది. తలెత్తి కుర్రాడి భుజం వైపు చూశాను. కుడి భుజం కొంచెం కిందికి వాలింది. చేతులు ఎడమకి జరిపాను. మావాడు మళ్ళీ "లాభం" అన్నాడు.