కుట్టు నేర్చిన చేతులకు పని



యొప్పాలో తబిత మరణించినప్పుడు వితంతువులు ఏడుస్తూ ఆమె కుట్టిన అంగీలను పేతురుగారికి చూపించారు (అపో.కా. 9:39). వారికి ఆమె చేతిపనే ఆమె గుర్తు.

మన విచారణలలో మఠకన్యలు ఎందరో అక్కచెల్లెళ్లకు కుట్టుపని నేర్పుతున్నారు. సర్టిఫికెట్టు ఇస్తారు, ఫోటో కూడా దిగుతారు. ఆ తర్వాత? మిషను మూలన పడుతుంది. నేర్పడం సగం పనే. గుడ్డకు, దారానికి పెట్టుబడి కావాలి. అది డ్వాక్రా సంఘం అప్పుతో దొరకవచ్చు. కానీ కుట్టినది కొనేవారేరి? ఫిలిప్పీలో లిదియమ్మ ఊదారంగు వస్త్రాలు అమ్మేది. పౌలుగారికి ఆతిథ్యమిచ్చిన ఇల్లు ఆ వ్యాపారస్థురాలిదే (అపో.కా. 16:14-15).

మనమో, పీఠబాలకుల అంగీలు సైతం పట్నంలో అడిగినంత ఇచ్చి కొంటాం. మన ఊరి వితంతువు దగ్గర మాత్రం కుట్టుకూలిలో పది రూపాయలకు బేరమాడతాం. వచ్చే క్రిస్మసుకు మీ పిల్లల బట్టలు ఎవరిచేత కుట్టిస్తున్నారు?