తగ్గకముందు చెప్పే సాక్ష్యం

మా సంఘంలో శుక్రవారం ఉపవాస ప్రార్థన రోజు సాక్ష్యం చెప్పడానికి లేచేవాళ్లంతా కష్టం గట్టెక్కాకే లేస్తారు. జ్వరం తగ్గింది, కొడుక్కి ఉద్యోగం వచ్చింది, కోర్టు కేసు కొట్టేశారు, దేవునికి స్తోత్రం. ఆ సాక్ష్యాలంటే నాకిష్టమే. కానీ కష్టం నడిమధ్యలో ఉన్న మనిషి ఎప్పుడు లేవాలి? "నాకింకా తగ్గలేదు, ప్రార్థన చేద్దామంటే నోరు పెగలడం లేదు" అని చెప్పడానికి మన ఆరాధనలో చోటెక్కడుంది? డిప్రెషన్ గురించి నా తోటి క్రైస్తవులను నేను అడగదలచుకున్నది ఇదే.

ఏఎన్ఎమ్‌గా పనిచేసి రిటైరైనదాన్ని. ఒంటిమిట్ట చుట్టుపక్కల పల్లెల్లో తిరిగినన్నేళ్లూ డిప్రెషన్ అన్న మాట ఏ ఆడమనిషి నోటా వినలేదు. ఒళ్లంతా మంటమ్మా అంటారు. గుండె దడ, నిద్ర పట్టడం లే, అన్నం సయించడం లే. చివరికి అందరూ అడిగేది ఒకటే: "ఒక బలం సూది వెయ్యమ్మా, లేకుంటే గ్లూకోజన్నా పెట్టు." మొగుడి తాగుడు, ఎండిన బోరు, పెండ్లి కాని బిడ్డ, ఇవన్నీ సూది వేయించుకునేటప్పుడే ఒక్కొక్కటిగా బయటికొచ్చేవి. సీసా ఎక్కుతున్నంతసేపూ ఎవరో ఒకరు పక్కన కూర్చుంటారు కదా, ఆ పూటకు వాళ్లకు కాస్త నెమ్మది. సగం మందు అదేనని నాకు గట్టి నమ్మకం.

మా ఆయన పోయాక ఆ జబ్బే నాకూ వచ్చింది. ఏడుపు కాదు, ఏడుపొస్తే బాగుండేది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేది, స్టేషన్ మీదుగా పోయే గూడ్సు బండి చప్పుడు వింటూ పడుకునేదాన్ని. బైబిలు తెరిస్తే అక్షరాలు కనిపించేవి, అర్థం లోపలికి దిగేది కాదు. పరామర్శకు వచ్చిన ఒక పాస్టరు గారు, "అమ్మా, ఎప్పుడూ ఆనందంగా ఉండమంది వాక్యం, దుఃఖానికి చోటివ్వొద్దు" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ ఆయన వెళ్లాక, ఉన్న దిగులుకు తోడు, నా విశ్వాసం చాలడం లేదేమోనన్న భయం కూడా పట్టుకుంది.

అలాంటి రోజుల్లో నా కంట పడింది 88వ కీర్తన. హేమాను పేరు మీద ఉంది. తక్కిన మొరల్లో చాలావరకు ఎక్కడో ఒకచోట స్తుతి వైపు తిరుగుతాయి. ఇది తిరగదు. రాత్రింబగళ్లు మొరపెట్టినా దేవుడు ముఖం దాచుకున్నాడని, అయినవాళ్లను తనకు దూరం చేసింది ఆయనేనని నేరుగా ఆయనతోనే అంటాడు, చీకట్లోనే ఆపేస్తాడు. దీని చివర హల్లెలూయ ఒకటి ఎవరూ అతికించలేదు. కోరహు కుమారులు పాడే కీర్తనల్లో దీన్నీ ఉంచారు. తగ్గని మనిషి మాట కూడా ఆరాధనేనని ఒప్పుకున్న పెద్దలు వాళ్లు. మనం మాత్రం ఆ కీర్తనను సంఘంలో చదవం.

ఏలీయా సంగతీ అంతే. కర్మెలు కొండ మీద దిగిన అగ్ని గురించి ఎన్ని ప్రసంగాలైనా వింటాం. ఆ వెంటనే వచ్చే అధ్యాయంలో ఆ ప్రవక్తే ప్రాణభయంతో పారిపోయి, ఇక బతకనని దేవుణ్ణి చావు అడుగుతాడు. అంతకుముందు చేసిన పని చూడండి: బెయేర్షెబాలో తన పనివాణ్ణి వదిలేసి ఒంటరిగా అరణ్యంలోకి పోతాడు. ఈ జబ్బు మొదట చేయించేదదే, పక్కనున్న మనిషిని దూరం పెట్టించడం. దేవుడు మందలించలేదు. నిద్రపోనిచ్చాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చి తినమన్నాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. హోరేబులో ఒకే ఫిర్యాదు రెండుసార్లు చేస్తే రెండుసార్లూ విన్నాడు. ఆఖరున ఎలీషాను తోడిచ్చాడు. నాకు రోజూ సాయంత్రం సంగటి ముద్ద, ఊరిబిండి తెచ్చింది పక్కింటి అక్క. "ప్రార్థన తర్వాత చేసుకుందువులే, ముందు తినుమ్మే" అనేది. ఆమె కోదండరాముడి భక్తురాలు.

ఆ రాముడి గురించి కూడా చెప్పాలి. వాల్మీకి రామాయణాన్ని తెలుగు చేసిన వావిలికొలను సుబ్బారావు గారు టెంకాయ చిప్ప చేతబట్టి చందాలు అడిగి మా ఒంటిమిట్ట కోదండరాముడి గుడిని బాగుచేయించారని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాను. ఆ రామాయణంలో సీత కనిపించక రాముడు చెట్టునూ పుట్టనూ అడుగుతూ ఏడుస్తాడు, లక్ష్మణుడు పక్కన నిలబడి ఓదారుస్తాడు. ఆ ఏడుపును లోపంగా ఎంచినవాళ్లు మా ఊళ్లో లేరు. నా విశ్వాసం వేరు. అయినా మా ఇరుగుపొరుగు తమ దేవుడి దుఃఖాన్ని ఇంత గౌరవంగా వింటుంటే, లాజరు సమాధి దగ్గర కన్నీరు పెట్టిన ప్రభువును కొలిచే మనం కన్నీటికి ఎందుకు సంజాయిషీ అడుగుతాం? కాసేపట్లో లాజరును లేపుతానని తెలిసీ ఆయన ఏడ్చాడు. ఆశ ఉన్నంత మాత్రాన దుఃఖం ఉండకూడదనేమీ లేదు. మా వైపే చూడండి, 2021 నవంబరు 19న చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి మునిగినప్పుడు బియ్యం, దుప్పట్లు చాలా చోట్ల నుంచి వచ్చాయి. ఇసుక మేటలు తీసిన తర్వాత కూడా మబ్బు పడితే వణికిన మనుషులున్నారు. వాళ్లకు పరలోకం గురించి చెప్పొచ్చు, అబద్ధం కాదు. ముందు వాళ్లు చెప్పేది పూర్తిగా వినాలి.

మందుల దగ్గర మనవాళ్లు ఇంకా తడబడతారు. బిళ్ల మింగితే ప్రార్థన మీద నమ్మకం లేనట్టేనట. స్టాన్లీ జోన్స్ అనే అమెరికన్ మెథడిస్టు మిషనరీ 1907లో మన దేశానికి వచ్చి, కొన్నేళ్లకే మళ్లీ మళ్లీ నీరసించి కుప్పకూలాడు. లక్నోలో ఒక రాత్రి ప్రార్థనలో తనకు స్వస్థత దొరికిందని చివరిదాకా సాక్ష్యం చెప్పాడు. అదే మనిషి 1950లో అదే లక్నోలో నూర్ మంజిల్ అనే మానసిక వైద్యశాల పెట్టించాడు. ప్రార్థనతో బాగయ్యానన్నవాడే డాక్టర్లను పిలిపించాడంటే, ఈ రెంటికీ తగాదా పెట్టడానికి మనమెవరం? మా జిల్లావాళ్లు పెద్ద జబ్బు చేస్తే పోయే వేలూరు సీఎంసీ కూడా బాగాయంలో మానసిక వైద్య కేంద్రం నడుపుతోంది. అక్కడ రోగితో పాటు ఇంటివాళ్లు ఒకరు ఉండాలి, వాళ్లకూ జబ్బు సంగతులు నేర్పుతారు.

నేను కడపలో డాక్టరుకు చూపించుకున్నాను. డిప్రెషన్‌కు ఇచ్చే బిళ్లల గుణం కనపడడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. పనిచేయడం లేదని మొదటి వారంలోనే మానేసేవాళ్లు, తగ్గిందని డాక్టరును అడక్కుండా ఆపేసేవాళ్లు మళ్లీ మొదటికొస్తారు. నాకు ముందు నిద్ర తిరిగొచ్చింది, తర్వాత ఆకలి, చాలా తర్వాత పాట. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలోంచి పురుషోత్తమ చౌదరి గారి కీర్తన ఒకటి ఒక ఆదివారం నోటికొచ్చింది. చరణం మధ్యలో ఆగిపోయింది, అయినా వచ్చింది. ఇప్పటికీ కొన్ని ఉదయాలు బరువుగానే ఉంటాయి.

పాస్టర్లను, సంఘపెద్దలను నేను కోరేది పెద్ద పనేం కాదు. చావు ఇంటికి నెల తర్వాత ఇంకోసారి వెళ్లండి. నిద్ర పడుతోందా, తింటున్నావా అని అడగండి. బతకాలని లేదని ఎవరైనా అంటే గద్దించకండి, ఒంటరిగా వదలకండి. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. మరునాడు కడప బస్సు ఎక్కించి, మీరూ పక్క సీట్లో కూర్చుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రార్థన బస్సులోనూ చేయొచ్చు.