పరుల వీధిలో



సంక్రాంతి దాటిన తరువాత మా అల్లుడు పనిచేయు కలకత్తా నగరమునకు వెళ్లితిని. (2001 నుండి కోల్‌కతా అనుచున్నారు గాని, నా నోటికి పాత పేరే వచ్చును.) అతనికి శని, ఆదివారములు సెలవు. "హౌరా వంతెన అందరును చూతురు మామయ్యగారూ, ఎవరును చూపని వీధులు చూతము రండి" అనెను. శాలువ కప్పుకొని మంచులోనే బయలుదేరితిమి.

బడాబజారు సందులలో మూటలు మోయువారిని తప్పించుకొనుచు నడచి, 1724లో కట్టిన ఆర్మేనియనుల దేవాలయమునకు చేరితిమి. దాని ఆవరణమంతయు సమాధి రాళ్లే. వర్తకమునకై దూరదేశమునుండి వచ్చి ఇక్కడనే మట్టియైన వారి పేర్లమీద అడుగు వేయవలసి వచ్చెను. మరి కొంత దూరమున గోపురము చూచి అదియు చర్చియే అనుకొంటిని. కాదు, 1884 నాటి యూదుల సమాజమందిరము. ఒకప్పుడు ఈ నగరములో వేలకొలది యూదులు ఉండిరి. ఇప్పుడు బహు కొద్దిమంది. ఆ మందిరమును ఊడ్చి, దీపములు తుడిచి, తరతరములుగా కనిపెట్టుచున్నవారు ముసల్మానులు. పుస్తకములో చదివియుంటే నమ్మకపోదునేమో.

అక్కడినుండి మరియొక సందులోనికి తిరిగితిమి. వీధికుళాయి క్రింద పురుషులు చన్నీటి స్నానము చేయుచుండిరి. తెరచియున్న వాకిటిలో ఒక ఇల్లాలు పళ్లెములు తోముచుండెను. నేను నిలిచి చూచుచుంటిని. అల్లుడు ఫోనెత్తి ఫోటో తీయబోయెను. ఆమె ఏమియు అనలేదు. కొంగు ముఖముమీదికి లాగుకొని, బిడ్డను లోపలికి తీసికొని తలుపు వేసికొనెను.

నాకు సిగ్గు వేసెను. ఎందుకనగా, నా చిన్నతనములో మా పాలెమునకును కారులో పట్నపువారు వచ్చిరి. మంచివారే. మా గుడిసెలను చూచి, ఎంత నిరాడంబరమైన బ్రతుకు అని మెచ్చుకొని ఫోటోలు తీసిరి. పొయ్యిమీద అంబలి ఉడుకుచుండెను. మా అమ్మ గబగబ దానిమీద మూత పెట్టెను. ఆమె ఎందుకట్లు చేసెనో అప్పుడు నాకు బోధపడలేదు.

అయితే చూచుట తప్పా? ఇంటనే కూర్చుండుట మేలా? అట్లు నాకు తోచదు. వెళ్లనియెడల ఆ మందిరము సంగతి నాకు తెలియకపోవును. ఎరుగని జనులనుగూర్చి ఎవరేమి చెప్పినను నమ్మియుందును. యెరికో మార్గములో లేవీయుడును చూచెను, సమరయుడును చూచెను. కన్నులలో భేదము లేదు. కాని ఆ ఉపమానమును ఇక్కడ తొందరపడి అన్వయింపరాదు. ఈమె గాయపడిన మనిషి కాదు, తన పని తాను చేసికొనుచున్న ఇల్లాలు. ఆమెమీద జాలిపడబోవుటయు ఒక అగౌరవమే. నాకు పౌలు జ్ఞాపకము వచ్చెను. అతడును ఏథెన్సు వీధులు తిరిగి, వారి పూజాస్థలములను శ్రద్ధగా చూచెను. అయితే సంతవీధిలో నిలువబడి, వచ్చినవారితో మాటలాడి, తానును వారి ప్రశ్నలకు లోబడెను. మేమో, ఆ తలుపు ముందు ఎవరికిని జవాబుదారులము కాకుండ నిలిచితిమి.

మరునాడు ఆరాధనకు ముందు, తెల్లవారుచుండగా టిరెట్టా బజారునకు వెళ్లితిమి. ఆదివారము ఉదయమున చీనావారు అక్కడ ఫలహారము అమ్ముదురు. 1962లో చైనాతో యుద్ధము వచ్చినప్పుడు, మన దేశములోని ఆ జాతివారిని సుమారు 3000 మందిని రాజస్థానములోని దేవ్లీ శిబిరమునకు పంపిరి. అనేకులు పిమ్మట దేశమే విడిచిపోయిరి. మిగిలినవారిలో ఒక ముసలమ్మ మన కుడుములవంటివి, లోపల మాంసము పెట్టి ఆవిరిమీద ఉడికించినవి, అమ్ముచుండెను. ఈసారి అల్లుడు ఫోను జేబులోనే ఉంచెను. నేను కొని, అక్కడనే నిలువబడి తినుచు, అల్లుని హిందీలో అడిగించితిని:

"అమ్మా, మీదే ఊరు?"

"ఈ ఊరే. ఇక్కడనే పుట్టితిని" అని, గిన్నె మూత తీయుచు నా వైపు చూచెను. "మీదే ఊరు? చలికి ఆగలేకున్నట్లున్నారే. మీ దేశములో ఏమి పండించుదురు?"

వరి అని చెప్పితిని. మినుము కూడనని చెప్పితిని. ఎన్ని ఎకరములని అడిగెను. ఎకరమున్నర అని చెప్పుటకు మొదట కొంచెము సంకోచించితిని, తరువాత చెప్పితిని.