సవాలీరామ్‌కు ఉత్తరం



సైన్సు పుస్తకంలో జవాబులే లేకపోతే? మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో, 1972లో 16 పల్లెటూరి బడుల్లో మొదలైన సైన్సు బోధన సరిగ్గా అలాంటిదే. ‘బాల్ వైజ్ఞానిక్’ అనే ఆ పుస్తకం నిండా ప్రయోగాలు, ప్రశ్నలు. జవాబులు పిల్లలే రాబట్టాలి. నలుగురేసి జట్లుగా కూర్చుని పువ్వులు విప్పి చూసేవారు, పొలాలకెళ్లి ఆకులు ఏరుకొచ్చేవారు. పరీక్షకు పుస్తకం తెచ్చుకోనిచ్చేవారు. అది గారాబమేం కాదు. చూసి రాసేందుకు అందులో జవాబుంటేగా! ప్రయోగం చేసి చూపడం కూడా పరీక్షలో భాగంగా ఉండేది.

నాకు వీటన్నిటికన్నా ఇష్టమైనవాడు సవాలీరామ్. నిజానికి అలాంటి మనిషి లేడు. పిల్లల ప్రశ్నలు అందుకోవడానికి కల్పించిన పేరది. బుర్రలో ఏ సందేహం మెదిలినా పిల్లలు ఆయనకు ఉత్తరం రాసేవారు. పల్లెలో ఓ చిన్నపిల్ల ప్రశ్నకు అంత మర్యాద దక్కడం ఎంత గొప్ప సంగతి!

2002లో ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని ఆపేసింది. అది తలచుకుంటే ఇప్పటికీ బాధే.

ఆ కార్యక్రమం నడిచిన రోజుల్లోనే, అక్కడ ఇంజనీరు అరవింద్ గుప్తా అగ్గిపుల్లల్ని సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో కలిపి పాఠాలు అల్లారు. మూడు పుల్లల త్రిభుజాన్ని నొక్కితే ఆకారం చెదరదు. నాలుగు పుల్లల చతురస్రం ఇట్టే ఒరిగిపోతుంది. కరెంటు టవర్లలో అన్ని త్రిభుజాలు ఎందుకో పిల్లలకు అప్పుడు తెలుస్తుంది.

మాస్టారూ, టీచరమ్మా, ఈరోజు మీ తరగతిలో ఆ త్రిభుజాన్నీ, చతురస్రాన్నీ చేయించండి. చతురస్రం ఒరగకుండా ఇంకో పుల్ల ఎక్కడ పెట్టాలో, అదెంత పొడవుండాలో పిల్లల్నే అడగండి.