ముందు గుండెని అడుగు, అమ్మడూ

అమ్మడూ, నిన్న ఫోనులో మాట మధ్యలో ఆగిపోయావు. ఏడుస్తున్నావని తెలిసీ నేను పలకలేదు. ఫోనులో తేలే సంగతి కాదని రాస్తున్నాను.

నీకు 48. ముట్లుడిగి రెండేళ్ళు. దాత అండంతో ఇంకా కడుపు పండుతుందని డాక్టరు చెప్పింది అబద్ధం కాదు. వయసు ముందు తినేసేది అండాల్ని. హార్మోన్లు అందితే గర్భసంచి మళ్ళీ పిండాన్ని పట్టుకుంటుంది. 2019లో మన గుంటూరులోనే డెబ్బై దాటినావిడ ఆడ కవలల్ని కన్నదిగా! (వాళ్ళ నాన్నకీ ఎనభై దరిదాపే. ఆ పిల్లల్ని బడికి ఎవరు దింపుతారా అని నాకు ఆరోజే బెంగ పట్టుకుంది.)

గర్భసంచి ఊఁ అన్నా, గుండె ఏమంటుందో అడగాలి తల్లీ. కడుపుతో ఉన్నప్పుడు దాని పని ఎంతో పెరుగుతుంది. 50 నుంచి 63 ఏళ్ళ మధ్య, ముట్లుడిగిన 77 మందికి దాత అండాలతో చేసిన చికిత్స గురించి 2002లో అమెరికా డాక్టర్లు రాశారు. అందరూ పరీక్షల్లో నెగ్గిన ఆరోగ్యవంతులే. సగానికి కాస్త పైగా బిడ్డల్ని ఎత్తుకున్నారు. కానీ కాన్పు దాకా వచ్చినవాళ్ళలో నూటికి 35 మందికి బీపీ ముంచుకొచ్చింది, 20 మందికి షుగరొచ్చింది. ఎక్కువమందికి పెద్దాపరేషనే. ఆ బీపీ ముదిరితే వచ్చేదే గుర్రపువాతం. ముప్ఫై ఏళ్ళు కాన్పుల వార్డులో పనిచేసినదాన్ని, అది నీకు రాకూడదు. పరాయి అండమైతే, వయసులో ఉన్నవాళ్ళకి కూడా ఆ ముప్పు ఎక్కువే.

ఒకే కాన్పులో ఇద్దరు పుడితే పనైపోతుందని మీ తోటికోడలు అందట. ఆవిడ మోస్తుందా? ఒక్క పిండమే పెట్టమని గట్టిగా చెప్పు.

యాభై దాటితే కుదరదని క్లినిక్కులో తొందరపెట్టారన్నావు. నిజమే, 2021 చట్టం ఆడవాళ్ళకి 50, మగవాళ్ళకి 55 అని హద్దు పెట్టింది. మీ ఆయనకి 51 కదా, పరీక్షలకి రెండు నెలలు పోతే మునిగేదేం లేదు. గుండె, బీపీ, షుగరు, రొమ్ము పరీక్ష అన్నీ చేయించు. అండం ఇచ్చే పిల్లనీ తలుచుకో. చట్టం ప్రకారం ఆమె జీవితంలో ఒక్కసారే ఇవ్వగలదు. ఆ ఒక్కసారి నీ కోసమైతే, నీ ఒళ్ళు దానికి సిద్ధంగా ఉండాలి.

ఒకవేళ గుండె డాక్టరు వద్దంటే ఆ మాట విను. మీ ఇద్దరి వయసూ కలిపితే 99. వంద దాటకుండా దరఖాస్తు పెట్టుకుంటే నాలుగు దాటి ఎనిమిదేళ్ళలోపు బిడ్డని దత్తతకి ఇస్తారు. ఆ వయసు పిల్లలకి జడలు వెయ్యడం నాకు బాగా వచ్చు.

గుండె డాక్టరు దగ్గరికి ఏ రోజు వెళ్తున్నావో చెప్పు. మీ ఆయనకి సెలవు దొరక్కపోతే పెద్దమ్మ వస్తుంది.