అతుకుల పాట

బియ్యంలో రాళ్ళేరడం తప్పని ఎవరూ అనరు. మరి పాటలో తప్పులేరితే మాత్రం తప్పేమిటి? చూడబోతే చిన్న ప్రశ్నే. రికార్డింగు గదిలో అద్దానికి ఇవతల చాలా ఏళ్ళు కూర్చున్నవాణ్ణి గనక, నాకు మాత్రం అది అంత చిన్నదిగా కనిపించదు.

మా వృత్తి రహస్యం ఒకటి చెబుతాను. టేపుల కాలంలో మా ఆయుధాలు మూడే: ఒక బ్లేడు, ఒక మైనపు పెన్సిలు, కాస్త అంటించే పట్టీ. టేపు సెకనుకి 15 అంగుళాల చొప్పున పరుగెత్తేది. గాయకుడు పావు సెకను దగ్గితే ఆ దగ్గు పొడుగు మూడు ముప్పావు అంగుళాలన్నమాట. పెన్సిలుతో గుర్తు పెట్టి, ఏటవాలుగా కోసి, రెండు కొసలూ అతికించామా, దగ్గు చెత్తబుట్టలోకీ, విద్వాంసుడు చరిత్రలోకీ వెళ్ళిపోయేవారు. ఇప్పుడా బ్లేడు కూడా అక్కర్లేదు. శ్రుతి తప్పిన స్వరాన్ని కంప్యూటరు తెర మీద చెవి పట్టుకుని లాక్కొచ్చి సరైన చోట కూర్చోబెట్టొచ్చు.

పూర్వం ఈ బెడద లేదు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడినప్పుడు రికార్డుకి సుమారు మూడు నిమిషాలు. తప్పొస్తే మళ్ళీ మొదటినుంచీ పాడుకోవడమేగాని మధ్యలో కోసేందుకు వీల్లేదు. పాట చివర ఆవిడ తన పేరు తానే చెప్పేది. గొంతే సంతకం పెట్టేదన్నమాట. ఇవాళ ఆ సంతకం విలువెంత అన్నదే నా సందేహం.

సందేహం ఊరికే రాలేదు. 1952లో లండన్‌లో వాగ్నర్ రాసిన ‘ట్రిస్టాన్ ఉండ్ ఇసోల్డ’ సంగీత నాటకాన్ని రికార్డు చేశారు. నాయిక పాత్రకి నార్వే గాయని కిర్‌స్టెన్ ఫ్లాగ్‌స్టాడ్. ప్రపంచం మెచ్చిన గొంతు. కాని అప్పటికి ఆవిడకి 56 ఏళ్ళు. అట్టే పైనున్న ఒకటి రెండు స్వరాలు అందడం కష్టమైంది. ఆ ఒకటి రెండు స్వరాలూ ఎలిజబెత్ ష్వార్జ్‌కోఫ్ అనే మరో గాయని పాడి పెట్టింది. అట్ట మీద మాత్రం ఆ సంగతి లేదు. తర్వాత గుట్టు బయటపడి గొడవయింది. గంటల కొద్దీ సాగే సంగీతంలో రెండు స్వరాలు! సముద్రంలో రెండు చెంబుల నీళ్ళు. అయినా జనం ఎందుకు నొచ్చుకున్నారు? నీళ్ళ కోసం కాదు, చెప్పకుండా పోసినందుకు.

దీనికి ఎదురుగా కెనడా పియానో విద్వాంసుడు గ్లెన్ గూల్డ్‌ని చూడండి. 1964లో, 31 ఏళ్ళకే, కచేరీలకి నమస్కారం పెట్టేశాడు. ఆ తర్వాత ఆయన సంగీతమంతా స్టూడియోలోనే. వాయించినవాటిల్లో మంచి ముక్కలు ఏరి అతికిస్తాననీ, అదీ ఒక కళేననీ బాహాటంగా చెప్పాడు. కవి పద్యం కొట్టివేసి మళ్ళీ రాసుకోడూ? ఎవరైనా అడ్డొస్తారా? ఈ వాదంలో నాకు లొసుగు కనపడదు. పద్యం "నేను ఒక్క సాయంత్రంలో పుట్టాను" అని ఎవరికీ మాటివ్వలేదు. స్టూడియో రికార్డూ అంతే. కాని అట్ట మీద ‘కచేరీ’ అని అచ్చువేశారనుకోండి, ఆ మాటలో ఒక వాగ్దానం ఉంది: ఫలానా రోజున, ఫలానా సభలో, ఫలానావారు ఇలా పాడారని.

వాగ్దానం దాటితే దారి ఎక్కడికి పోతుందో 2007లో లోకం చూసింది. ఇంగ్లండులో జాయిస్ హాటో అనే పియానో విదుషీమణి పేర వందకి పైగా సీడీలు వచ్చాయి. విమర్శకులు ఆకాశానికెత్తారు. ఆవిడ 2006లో కన్నుమూసింది. మరుసటి సంవత్సరం ఒక శ్రోత ఆ సీడీని కంప్యూటరులో పెడితే, వాయించినవారి పేరు వేరే వచ్చింది! కూపీ లాగితే, ఎవరెవరో వాయించినవి ఆవిడ పేర అమ్ముడయ్యాయని తేలింది. రికార్డులు వేసింది భర్తే. ఆయన ఒప్పుకున్నాడు. జబ్బుతో బాధపడుతున్న భార్య వాయిస్తూ మూలిగేదనీ, ఆ మూలుగుల్ని కప్పడానికి మొదట చిన్న చిన్న ముక్కలు మాత్రమే అతికించాననీ చెప్పుకున్నాడు. ఆ మాట ఎంతవరకు నిజమో దేవుడికెరుక. కాని బ్లేడు పట్టినవాణ్ణిగా ఆ మెట్లు నాకు తెలుసు. మొదటి మెట్టు పేరు జాలి. చివరి మెట్టు పేరు దొంగతనం. మధ్యలో ఎక్కడా బోర్డు ఉండదు.

ఇక మన కచేరీ సంగతి. మనకి ఇంకో చిక్కుంది. వేదిక మీద పాట ఒక్కరి సొత్తు కాదు.

ఒక వృద్ధ విద్వాంసుడు, పేరెందుకు లెండి, చివరి రోజుల్లో పాడిన కచేరీ టేపు పట్టుకుని ఆయన కుమారుడు నా దగ్గరికి వచ్చాడు. త్యాగరాజ కృతి ఒకటి పాడుతూ పెద్దాయన చరణంలో ఒక పాదం మరిచిపోయారు. సాహిత్యం ఆగింది, అకారం ఆగలేదు. పక్కనున్న వయొలిన్ కుర్రాడు ఆ పాదాన్ని మెల్లిగా, ఎవరికీ తెలియనంత మర్యాదగా, తీగ మీద అందించాడు. పెద్దాయన అందుకున్నారు. అందుకుని, "భేష్ నాయనా" అన్నారు.

"అది తీసేసి, పాత కచేరీలోంచి ఆ పాదం తెచ్చి అతికించండి. నాన్నగారి పరువు మాస్టారూ" అన్నాడు కుమారుడు.

"బాబూ, మీ నాన్నగారి పెద్దతనమంతా ఆ భేష్‌లోనే ఉంది" అన్నాను. ఒప్పుకోలేదు. వేరేచోట కోయించుకున్నాడు. తండ్రి పాట, కొడుకు హక్కు. చట్టం మాట ఎలా ఉన్నా, లోకం తీరు అదే.

సీడీ వచ్చాక ఆ వయొలిన్ విద్వాంసుడు, ఇప్పుడు కుర్రాడేం కాదు, నన్నొకటే అడిగాడు: "ఆ చోటు ఏదండీ?" గురుతుల్యుడైన ఆయన నోట అతను భేష్ అనిపించుకున్నది జీవితంలో ఆ ఒక్కసారే. తండ్రి పరువు కోసం కోసిన ఆ అరనిమిషంలో ఇంకొకరి జీవితం తెగిపడిందని ఆ కుమారుడికి తెలియదు పాపం. ఆయన చెడ్డవాడు కాదు. మొదటి మెట్టు మీద ఉన్నవాడు.

ఇంకొక నష్టమూ ఉంది. మచ్చలేని రికార్డులే వింటూ పెరిగిన పిల్లలు, మహావిద్వాంసులు మరిచిపోరనుకుంటారు. తాము మరిచిపోయిన రోజున తంబురా మూలన పెట్టేస్తారు. మరిచిపోయినప్పుడు ఎలా నిలబడాలన్నది నేర్పే పాఠం చెత్తబుట్టలో ఉంటుంది.

అంతమాత్రాన ఏదీ కోయవద్దనను. ఫ్యాను మోతా, మైకు గీపెట్టడమూ తీసేస్తే పుణ్యమే. అయితే దుమ్ము కూడా ఒక్కోసారి దుమ్ము కాదు సుమండీ! రెండో ప్రపంచయుద్ధం చివరి రోజుల్లో బెర్లిన్‌లో గీజెకింగ్ వాయించిన బెథోవెన్ రికార్డులో, పియానో వెనకాల ఫిరంగుల మోత వినిపిస్తుంది. దాన్ని తీసేయమని అడిగే రసికుడు నాకింతవరకు తగల్లేదు.

మరి గీత ఎక్కడ గియ్యాలి? నాకు తోచిన కొలబద్ద ఒకటే. చేసిన మరమ్మతుని అట్ట మీద అచ్చువేయగలమా? "ఫ్యాను మోత తొలగించాము" అని సగర్వంగా వేసుకోవచ్చు. "విద్వాంసుడు మరిచిన పాదాన్ని పాత కచేరీనుంచి తెచ్చి అతికించాము" అని వేయగలిగితే, అలాగే కానీండి. వేయడానికి చెయ్యి రాకపోతే, కోయడానికి మాత్రం ఎలా వస్తుంది?